చిలకపచ్చ పూత

ఆ టార్పాలిన్ నేను అడగలేదు. ఈ ఒక్క మాట చెప్పాకే మిగతాది చెబుతాను. ఎందుకంటే మా ఊరు బొకా లార్గాలో ఆ వేసవి సంగతి ఎవరు ఎత్తినా తిప్పి తిప్పి నా టార్పాలిన్ దగ్గరికే తెస్తారు. వంతెన కంపెనీ ఇంజనీరు అర్రియోహా తనంతట తాను, నలుగురి ముందు, నవ్వుతూ ఇచ్చాడు.

"దొన్యా లెయో, ఈ నల్ల పట్టాలు మాకు అడ్డం. కడ్డీల మీద కప్పితే గాలికి లేచి టపటపా కొట్టుకుంటున్నాయి. మీ హోటలుకి పైకప్పు వేసుకోండి. మా వాళ్లు ఎండలో కూర్చుని తింటున్నారు," అన్నాడు.

నేను తీసుకున్నాను. ఎండలో చెమటలు కక్కుతూ చేపల పులుసు తినే ముప్పై మందికి నీడ ఇస్తానంటే వద్దనే ఆడది ఎవరో నాకు చూపించండి. నేనొక్కదాన్నే కూడా కాదు. ఊళ్లో తొమ్మిది ఇళ్లవాళ్లు తీసుకున్నారు. ఒకరు రొయ్యలు ఆరబెట్టుకోడానికి, ఒకరు పడవ మీద కప్పుకోడానికి. తర్వాత మాత్రం అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. పేరు నాకొక్కదానికే మిగిలింది.

అది నవంబరు చివర. వంతెనకి కావలసిన కడ్డీలు అప్పుడే లారీల్లో దిగాయి. మామూలు నల్ల ఇనుము కాదు, ఒంటినిండా చిలకపచ్చ పూత. ఎపాక్సీ అంటారు. ఉప్పునీళ్లలో నిలబడే స్తంభాల్లో ఇనుము తుప్పు పట్టకుండా ఆ పూత కాపాడుతుందని మా ఆయన చెప్పాడు. మా ఆయన ఫిదెన్సియో ఉస్కాంగా కడ్డీలు కట్టే మేస్త్రి. మా భాషలో మాయెస్త్రో. ఊళ్లోని ఇరవై రెండు మంది మగాళ్లు ఆయన చేతికింద పని చేసేవాళ్లు. ఆ కడ్డీల్ని సముద్రపు ఒడ్డునే, ఇసుక మీద నాలుగు దుంగలు పరిచి, పేర్చారు. డిసెంబరులో ఉత్తరపు గాలి మొదలయింది. వంతెన కట్టే మొగలో, అంటే నీళ్లు సముద్రంలో కలిసేచోట, అలలు ఇంటెత్తున లేస్తుంటే నీళ్లలో పని ఆగింది. అప్పటినుంచి ఏప్రిల్ దాకా ఆ కడ్డీల మీద పడని ఎండ లేదు, ఉప్పు తుంపర లేదు. రోజూ వాటి పక్కనుంచే కట్టెలు మోసుకొచ్చేదాన్ని. ఎంత పచ్చగా ఉన్నాయో అనుకునేదాన్ని తప్ప, నా నెత్తిమీది నీడ వాటి ఒంటిమీంచి వచ్చిందని ఒక్కసారి తట్టలేదు. అంత మొద్దుని.

ఏప్రిల్లో పని మళ్లీ మొదలైంది. మొదటి రోజు సాయంత్రం ఫిదెన్ ఇంటికొచ్చి, చేతులు కడుక్కోకుండా గడప మీద కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. పిండి అద్దినట్టు లేత పచ్చ దుమ్ము.

"ఏంటయ్యా, చిలకల్ని పట్టుకున్నావా?" అన్నాను.

"పై వరస కడ్డీలు ముట్టుకుంటే దుమ్ము రాలుతోంది," అన్నాడు.

"రాలితే?"

"ఏం లేదు. అన్నం పెట్టు."

ఆయన అంతే. పది మాటలు ఉంటే తొమ్మిది మింగి ఒకటి చెబుతాడు. ఆ ఒకటి కూడా అన్నం గురించే. పదిహేడేళ్ల కాపురంలో నేను ఆయన మాటలు కూడా నేనే మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. అందుకని ఆ రోజు పట్టించుకోలేదు.

మే మూడున శిలువ పండగ. రాళ్లు మోసేవాళ్లు, ఇనుము కట్టేవాళ్లు, సున్నం కలిపేవాళ్లు అందరికీ ఏడాదికి ఒక్క పండగ అదే. పని జరిగేచోట ఎత్తుగా శిలువ నిలబెట్టి, కాగితపు పూలతో అలంకరించి, ఫాదరీ చేత నీళ్లు చల్లిస్తారు. ఆ రోజు యజమాని తన డబ్బుతో మాంసం, బీరు పెట్టాలి. పెట్టకపోతే ఏడాదంతా ఒక్క ఇటుక కూడా వాడి మాట వినదని నమ్మకం. ఆ ఏడు శిలువ కడ్డీలతోనే కట్టారు. పేర్పు పైనుంచి రెండు పచ్చ కడ్డీలు తీసి, కోసి, ఫిదెన్ తన చేత్తో తీగ చుట్టాడు. అలంకారం మా అత్త తొరీబియాది. నలభై ఏళ్లుగా ఆ పని ఆవిడదే, వేరే వాళ్లు పువ్వు ముట్టుకుంటే చెయ్యి విరుస్తుంది. ఎప్పుడూ దారంతో కట్టేది. ఆ ఏడు కళ్లు సరిగ్గా ఆనక, కంపెనీ ఆఫీసులో అట్టపెట్టెలకి వేసే జిగురు టేపు అడిగి తెచ్చుకుంది. పూలన్నీ టేపుతోనే అంటించింది.

తొమ్మిది రోజుల తర్వాత పూలు తీసేయడానికి వెళ్లాం. ఎండకి వెలిసి, తేమకి ముద్దయిపోయి ఉన్నాయి. అత్త కింద నిలబడి లాగుతోంది, నేను బుట్ట పట్టుకున్నాను. టేపు ఒకటి రాలేదు. గట్టిగా లాగింది. సర్రుమని వచ్చింది. టేపుకి అంటుకుని జానెడు పొడుగున పచ్చతోలు కూడా వచ్చింది. పాలమీద మీగడ తీసినట్టు శుభ్రంగా వచ్చింది.

కింద ఇనుము కనిపించింది. తడిగా, నల్ల మచ్చలతో ఉంది.

అత్త ఇంకో టేపు లాగింది. అదీ అంతే. మూడోది. ఆవిడ ఆ తోలుముక్కల్ని అరచేతిలో పరిచి, నా మొహం వైపు చూసింది.

"పైన పటారం, లోన లొటారం," అంది. "నా కొడుకు ఇది స్తంభంలో పెట్టి కడుతున్నాడా?"

నేను బుట్ట అక్కడే పడేసి ఒడ్డున పరిగెత్తాను.

ఫిదెన్ నాలుగో స్తంభం పంజరం కడుతున్నాడు. నీళ్లలో దిగేవాటిలో ఇదే మొదటిది, గట్టు మీది ముందటి మూడింటికీ మామూలు నల్ల ఇనుమే వాడారు. ఒడ్డున కొయ్యల మధ్య నిలబెట్టిన మూడు నిలువుల ఎత్తు కడ్డీల గూడు అది. కట్టడం పూర్తయ్యాక క్రేనుతో లేపి నీళ్లలో దింపి కాంక్రీటు పోస్తారు. అప్పటికి తొమ్మిది రోజులుగా కడుతున్నాడు. నేను తోలుముక్క చూపించాను. ఆయన దాన్ని చూడలేదు, నన్ను చూశాడు. ఆ చూపులోనే నాకు అర్థమైంది.

"నీకు తెలుసు," అన్నాను.

"ఇంటికి పద."

"నీకు తెలుసు కదూ? ఏప్రిల్లోనే తెలుసు."

"జనవరిలో తెలుసు," అన్నాడు. "ఇంటికి పద, అక్కడ తిడుదువు గాని."

ఇంట్లో తిట్టాను. వంట వదిలేసి తిట్టాను. అన్నీ విని, నేను ఊపిరి పీల్చుకోడానికి ఆగినప్పుడు చెప్పాడు. కడ్డీల కట్టలకి ఫ్యాక్టరీ చీటీ కట్టి ఉంటుందట. బయట రెండు నెలలకి మించి ఉంచాల్సి వస్తే కప్పి ఉంచమని దానిమీద రాసి ఉందట. బొమ్మ కూడా వేశారట, చదువురానివాళ్లకి. జనవరిలో ఆ చీటీ పట్టుకుని ఈయన అర్రియోహా దగ్గరికి వెళ్లాడు.

"ఏమన్నాడు?"

"పట్టాలు కావాలా మాయెస్త్రో, అయితే వెళ్లి మీ ఆవిడని అడుగు, అన్నాడు."

నాకు నోట మాట రాలేదు. నాకు, నోట మాట రాలేదు. అలాంటిది నా జన్మలో రెండోసారి జరగలేదు.

"మరి అడగలేదేం?"

"వచ్చాను అడుగుదామనే. నువ్వు స్టూలెక్కి, గాలికి ఊడిన పట్టా తాళ్లు మళ్లీ కడుతున్నావు. పాడుతున్నావు. పదేళ్లుగా ఆ పొయ్యి దగ్గర ఎండలో నల్లబడ్డదానివి, మొదటిసారి నీడ వచ్చింది. తెల్లారి అడుగుదాంలే అనుకున్నాను. తెల్లారి మళ్లీ తెల్లారింది."

ప్రేమంటే ఇదేనా అని నన్నడిగితే, ఇలాంటి ప్రేమని పొయ్యిలో పెట్టాలి అంటాను. నా నెత్తిమీద నీడ కోసం ఊరందరి కాళ్లకింద వంతెన గుల్ల చేస్తాడా? పిల్లల బస్సు దానిమీద పోవాలి. నొప్పులు పడే ఆడవాళ్లు దానిమీదే ఆసుపత్రికి పోవాలి. ఆ మాటే అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయదగ్గవి కావు.

"ఇప్పుడు చెప్పు. అందరికీ చెప్పు," అన్నాను.

"చెబితే పని ఆగుతుంది. ఇరవై రెండు ఇళ్లు, లెయో. అబుందియోకి మొన్నేగా పిల్ల పుట్టింది. పైగా ఈ పని అయ్యాక అందరినీ ఒక ఓడరేవు పనికి తీసుకెళ్తానన్నాడు ఇంజనీరు."

"కూలిపోయే వంతెన కట్టినవాళ్లని ఎవడు తీసుకెళ్తాడయ్యా?"

"పదేళ్లకి గాని తెలియదు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఆయన కట్టిన పని గురించి ఆయన నోట ఆ మాట వింటానని అనుకోలేదు. కట్టుతీగ ముడి ఒకటి వదులుగా ఉందని పొద్దుపోయాక లాంతరు తీసుకుని వెనక్కి వెళ్లి బిగించి వచ్చిన మనిషి. ఆయన చెయ్యి పడ్డ ఇనుము గురించి ఊళ్లో ఎవరూ రెండో మాట అడగరు. ఆయనకున్న ఆస్తి అదొక్కటే. దాన్ని కూడా నీళ్లలో దింపడానికి సిద్ధపడ్డాడు, అదీ నోరు తెరవకుండా.

మర్నాడు మధ్యాహ్నం అర్రియోహా హోటలుకి వచ్చాడు. నిండా జనం. నేను ఆయన పళ్లెంలో చేపముక్క బదులు ఆ పచ్చతోలు పెట్టాను.

"ఇదేంటి దొన్యా లెయో? కొత్త వంటకమా?"

"మీ కడ్డీల తోలు. జిగురు టేపుకి ఊడొచ్చింది."

బల్లల దగ్గర నమలడం ఆగింది. అర్రియోహా తోలుని గోటితో పక్కకి నెట్టి, నిమ్మకాయ పిండుకున్నాడు. ఆ మనిషికి చెమట కూడా పట్టదు.

"మీ పులుసు గురించి నేను సలహాలిచ్చానా? ఇనుము కాంక్రీటులో ఉంటుంది. కాంక్రీటు చుట్టూ నాలుగు వేళ్ల మందం. గీతలు పడ్డచోట కుంచెతో రంగు వేయిస్తాం, డబ్బాలు తెప్పించాను. ఫ్యాక్టరీ సర్టిఫికెట్ ఉంది. పూత ఎక్కడైనా రంగు పోయిందా? తుప్పు కనిపిస్తోందా?"

"రంగు పోలేదు. పట్టు పోయింది. ఆరు నెలలు ఎండలో, ఉప్పుగాలిలో పడేస్తే పోదా?"

"పడేసిందెవరు?" అన్నాడు. అప్పుడు తలెత్తి పైకప్పు వైపు చూశాడు. నెమ్మదిగా, అందరూ చూసేలా చూశాడు. "ఏమ్మా, ఎవరి నెత్తిమీదున్నాయి వాటి దుప్పట్లు?"

నవ్వులు. ముందు అతని పక్కన కూర్చున్న గుమాస్తా నవ్వాడు, తర్వాత అబుందియో, తర్వాత మా వాళ్లే, మా పులుసు తింటున్నవాళ్లే. ఫిదెన్ మూల బల్ల దగ్గర తల వంచుకుని తొర్తియ్యా రొట్టె చింపుతున్నాడు.

నేను కూరగాయల కత్తి తీసుకుని స్టూలెక్కాను. ఒక్కొక్క తాడూ కోశాను. ఎనిమిది తాళ్లు. పట్టా కింద కూర్చున్నవాళ్ల మీద పడింది, పళ్లేల మీద పడింది, ఇంజనీరు టోపీ మీద పడింది. కింద తిట్లు, తన్నుకోవడం. నేను అంచు పట్టుకుని వాళ్లందరి మీంచి ఈడ్చుకుంటూ, ఇసుకలో అలాగే లాక్కుంటూ వెళ్లి, కడ్డీల పేర్పు మీద కప్పాను. రోగి పోయాక మందు తాగించినట్టే, నాకు తెలుసు. అయినా కప్పాను. వెనక్కి వచ్చేసరికి ఎండలో కూర్చుని తింటున్నారు. డబ్బులు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఆ సాయంత్రం మా అత్త నాతో ఒక మాట అంది. "వాడి నోరు నొక్కింది నువ్వు కాదు లెయో, నీ సంతోషం. ఇప్పుడు అది కూడా లేదుగా. చూద్దాం." నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. అంత ప్రశాంతంగా ఎలా మాట్లాడుతుంది?

మే చివర్లో ప్రభుత్వం తరఫున తనిఖీకి ఇంజనీరు సముదియో వచ్చింది. యాభై దాటిన ఆడమనిషి, పొట్టిగా, మోకాళ్లు నొప్పో ఏమో కొంచెం పక్కకి వాలుతూ నడిచేది. పంజరం నీళ్లలో దింపేముందు ఆవిడ చూసి సంతకం పెట్టాలి. నాలుగో స్తంభం పంజరం సిద్ధంగా ఉంది. పదకొండు రోజులు పట్టింది ఫిదెన్‌కి. చుట్టూ తిరిగి చూశాను, ఒక్క ముడి వంకర లేదు. నా కోపంలోనూ ఒప్పుకోక తప్పలేదు.

ఇనుము పనివాళ్లలో ఒక మర్యాద ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు కడ్డీని తామే ఎంచుకోరు. మేస్త్రిని అడుగుతారు, మేస్త్రి ఇస్తాడు. తామే ఎంచుకుంటే నీ చేతిని నేను నమ్మను అని మొహం మీద చెప్పినట్టు. మేస్త్రి మంచిదే ఇస్తాడని అందరికీ తెలుసు. అయినా ఆ మర్యాద తప్పరు. అర్రియోహాకీ తెలుసు. పేర్పు అడుగునుంచి, ఎండా తుంపరా తగలనివి, ఐదు కడ్డీలు తీయించి షెడ్డులో గోనెపట్టా మీద పరిపించాడు. పొద్దున్నే ఫిదెన్ భుజం మీద చెయ్యేసి వాటిని చూపించాడు. నేను భోజనాల గంప దించుకుంటూ చూశాను. ఫిదెన్ తలూపాడు.

ఆ తలూపడం చూశాక నాకు ఆ మనిషి మొహం చూడాలనిపించలేదు. గంప దించి వెళ్లిపోదామనుకున్నాను. పళ్లేలు తిరిగి తీసుకెళ్లాలి కాబట్టి ఆగాను.

సముదియో పంజరం చుట్టూ ఒకసారి తిరిగింది. చేతిసంచిలోంచి చాకు తీసింది.

"మాయెస్త్రో, ఒక కడ్డీ ఇవ్వండి."

ఫిదెన్ షెడ్డు వైపు నడిచాడు. షెడ్డు దాటాడు. పంజరం పక్కన నిచ్చెన ఉంది, అది ఎక్కాడు. పైనుంచి మూడో చుట్టుకడ్డీ దగ్గర ఆగి, నడుముకున్న కటింగ్ ప్లయర్ తీసి, తన ముళ్లు తనే కోయడం మొదలుపెట్టాడు. టక్కు. టక్కు. పదహారు ముళ్లు. చుట్టుకడ్డీ వదులు చేసి, భుజానికి తగిలించుకుని దిగివచ్చి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు.

"ఇది పేర్పులో పై వరస ఇనుము, అమ్మా," అన్నాడు.

ఆవిడ కడ్డీమీద చాకుతో అడ్డంగా నిలువుగా గాటు పెట్టి, మొన కిందికి దూర్చి లేపింది. అరటితొక్కలా వచ్చింది.

"ఇంకోటి," అంది.

ఫిదెన్ మళ్లీ ఎక్కాడు. ఆ మధ్యాహ్నం ఏడుసార్లు ఎక్కాడు. ఆయన పదకొండు రోజుల పని నా కళ్లముందే వదులైపోతుంటే, పొద్దున ఆయన్ని అనుకున్న మాటలన్నీ నేను వెనక్కి తీసుకున్నాను. అర్రియోహా మొదటి రెండు కడ్డీలకీ ఏదో చెప్పబోయాడు. మూడోదానికి ఫోన్ తీసుకుని దూరంగా వెళ్లాడు.

సముదియో తోలుముక్కల్ని కాగితపు సంచిలో వేసి, చుట్టూ ఉన్న కుర్రాళ్లకి వినపడేలా చెప్పింది. "ఎండకి పూత పెళుసెక్కుతుంది. సూదిమొనంత చిల్లులుంటాయి, కంటికి కనపడవు. ఉప్పుతేమ వాటిలోంచి దూరి పూతకీ ఇనుముకీ మధ్య పాకుతుంది. పైకి రంగు అలాగే ఉంటుంది. ఇది స్తంభంలో పెడితే తుప్పు ఆ సందులోనే పెరుగుతుంది, పెరిగి లోపల్నుంచి కాంక్రీటుని పగలగొడుతుంది. పైన కుంచెతో రంగేస్తే ఇంకా నయం, అంత్యక్రియలకి అందంగా ఉంటుంది." తర్వాత కాగితం మీద రాస్తూ అడిగింది. "వీటి కప్పులేమయ్యాయి?"

తొమ్మిది ఇళ్లవాళ్లలో ఆరుగురు అక్కడే ఉన్నారు. ఒకడు సముద్రం చూస్తున్నాడు, ఒకడు బొటనవేలు. అర్రియోహా గుమాస్తా నావైపు చూసి నవ్వబోయాడు.

"నా హోటలు మీద ఉండేవి," అన్నాను. "ఆ ఇంజనీరు ఇచ్చాడు, నేను తీసుకున్నాను. ఇచ్చినవాడి పేరు ముందు రాయండి, తీసుకున్నదాని పేరు తర్వాత. లెయోకాదియా ఉస్కాంగా."

ఆవిడ రెండూ రాసింది. భోజనం చేయమంటే వద్దంది, నీళ్లు మాత్రం తాగింది.

పని ఆగిపోయింది. పదిరోజుల్లో కంపెనీ క్రేను విప్పుకుని వెళ్లిపోయింది. కొత్త ఇనుము, కొత్త టెండరు, కొత్త సంతకాలు. ఎప్పటికో ఎవరికీ తెలియదు. మా మగాళ్లలో ఒక్కరినీ ఓడరేవు పనికి తీసుకెళ్లలేదు, తీసుకెళ్తానన్న మాట ఎవరికి చెప్పాడో కూడా గుర్తులేదన్నాడు అర్రియోహా.

ఊరు అర్రియోహాని తిట్టిందనుకుంటున్నారా? చేపల సంఘం షెడ్డులో అందరూ కూడి మమ్మల్ని పిలిచారు. అబుందియో లేచాడు. పదేళ్లు ఫిదెన్ దగ్గర పని నేర్చుకున్నవాడు.

"మాయెస్త్రో గారికి పరువు తింటే కడుపు నిండుతుందేమో. మా ఇంట్లో చిక్కుళ్లు కావాలి. షెడ్డులో మంచి కడ్డీలు ఉన్నాయి కదా, అందులోంచి ఒకటి ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

"ఆ వంతెన మీద నీ పిల్ల నడుస్తుంది రా," అన్నాను.

"పదేళ్ల తర్వాత సంగతి, అక్కా. దానికి పాలు ఇవాళ కావాలి."

మొన్న మా ఆయన నాతో అన్న మాటే. ఫిదెన్ దాన్ని విని లేచి నిలబడ్డాడు. "నువ్వన్నది నిజమే అబుందియో, నేనూ నాలుగు నెలలు అదే అనుకున్నాను," అని బయటికి నడిచాడు. వెనకనుంచి ఎవరో "టార్పాలిన్ మొగుడు" అన్నారు. నేను తిరిగి వెళ్లి వాడెవడో తేల్చుకుందామనుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, వదల్లేదు.

జూన్ నెలంతా నా హోటలుకి ఎవరూ రాలేదు. పొయ్యి వెలిగించేదాన్ని, పులుసు కాచేదాన్ని, సాయంత్రం కుక్కలకి పోసేదాన్ని. వచ్చినవాడు ఒక్కడే, కాస్తులో అనే అతను. మొగలో పడవ నడిపేవాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, ముప్పై ఏళ్లుగా ఊరంతా అతని పడవమీదే దాటుతుంది. మా అమ్మాయికి జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు, అందుకని అతను మాకు కొంపాద్రె, నేను అతనికి కొమాద్రె. రోజూ వచ్చి రెండు గిన్నెలు తాగేవాడు, గట్టిగా పొగిడేవాడు. మొదట్లో కృతజ్ఞతగానే ఉండేది. ఎందుకంత సంతోషంగా ఉన్నాడో ఆలోచించే ఓపిక అప్పట్లో నాకు లేదు.

జులై మొదటివారంలో తాంపికోలో రేవు గోడ కట్టే పని ఉందని ఫిదెన్‌కి కబురొచ్చింది. ఎనిమిది గంటల బస్సు ప్రయాణం. మేస్త్రిగా కాదు, మామూలు కూలీగా. నలభై ఆరేళ్ల వయసులో ఇంకొకడు చూపించిన చోట ముడి వేయాలి. బట్టలు నేనే సర్దాను. అత్త గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది, కొడుకు నుదుటిమీద శిలువ గుర్తు వేసి లోపలికి వెళ్లిపోయింది. పడవ దాకా నేను వెళ్లాను, పడవ ఎక్కాను కూడా. అవతలి ఒడ్డు దాకా వస్తానన్నాను.

ఉదయం తొమ్మిది. నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి. కాస్తులో ఈలవేస్తూ మోటారు నడుపుతున్నాడు. అవతలి ఒడ్డు తగలగానే ఫిదెన్ సంచి భుజాన వేసుకుని, జేబులోంచి బాడుగ తీసి చెక్కమీద పెట్టాడు.

"ఏంటిది కొంపాద్రె?" అన్నాడు కాస్తులో. నిజంగానే నొచ్చుకున్నాడు. "నీ దగ్గర తీసుకుంటానా? జన్మలో తీసుకోను. నువ్వు నా పడవని నిలబెట్టావు. ఊరంతా ఏమన్నా అననీ, నేను మాత్రం నీ పేరు చెప్పి కొవ్వొత్తి వెలిగించాను. వాళ్ల వంతెన పోయింది, దేవుడు నీకు మేలు చేయాలి."

ఫిదెన్ అప్పుడు మాట్లాడాడు. ఆ వేసవి మొత్తంలో ఆయన మాట్లాడిన వాటిలోకెల్లా పెద్ద మాట అదే.

"నేను వంతెన ఆపలేదు, కాస్తులో. నిలబడే వంతెన రావాలని ఆ ముళ్లు కోశాను. అది వచ్చిన రోజు నీ పడవ ఆగిపోతుంది, నాకు ఆ సంగతి తెలిసే కోశాను. అప్పటిదాకా అందరి దగ్గరా తీసుకున్నట్టే నా దగ్గరా తీసుకో. నాకు కొవ్వొత్తులు వెలిగించకు."

దిగి, నా తలమీద చెయ్యి పెట్టి, బస్సు ఆగే చోటుకి నడిచాడు. వెనక్కి చూడలేదు. పదిహేడేళ్లు ఆయన్ని నోరులేనివాడని తిట్టాను. నోరు వచ్చేసరికి ఆయన నా పక్కన లేకుండా పోయాడు.

తిరుగు ప్రయాణంలో కాస్తులో ఈల వేయలేదు. నడి మొగలో మోటారు తగ్గించి అడిగాడు. "నీకు కూడా నామీద కోపమా, కొమాద్రె?"

"ఉంది," అన్నాను. "పడవ నడుపు."

వంతెన ఏడేళ్లకి వచ్చింది. వేరే కంపెనీ, వేరే కడ్డీలు, దుప్పట్లు కప్పి తెచ్చారు. ప్రారంభం రోజున అబుందియో కూతుర్ని భుజాలమీద ఎక్కించుకుని అందరికన్నా ముందు నడిచాడు. అబుందియోని నేను క్షమించాను, పిల్లగలవాడు. అర్రియోహా సంగతి దేవుడు చూసుకోవాలి, నేను చూసుకుంటే జైలుకి పోతాను. కానీ మా ఆయన చేసిన పనికి ఈ ఊళ్లో ఆయనకి దండం పెట్టినవాడు ఒకే ఒక్కడు, అదీ వంతెన రాకూడదని కోరుకున్నవాడు. అది తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు అన్నం సహించదు.